పద్దెనిమిది దాటిన తర్వాత

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతుకుతుందని 1949లో ఇంగ్లండులో ఏ తల్లయినా అడిగి ఉంటే, సగటున 12 ఏళ్లని జవాబు వచ్చేది. 1983లో అమెరికాలో అడిగితే 25 అనేవారు. ఇప్పుడు అదే అమెరికాలో దాదాపు 60 అంటున్నారు. నలభై ఏళ్లలో ఆయుష్షు రెట్టింపు దాటింది. ఇందులో మాయామంత్రాలేమీ లేవు. ఈ బిడ్డల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. దాన్ని పసితనంలోనే సరిచేసే ఆపరేషన్లు వచ్చాయి. నెమ్ము చేస్తే కాపాడే మందులు వచ్చాయి. పుట్టగానే ఏ శరణాలయంలోనో వదిలేసి రావడం తగ్గి, కన్నవాళ్లు ఇంట్లోనే పెంచుకోవడం మొదలుపెట్టారు. మన వైపు కూడా 1991లో పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేయడం ప్రారంభించాక, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, లక్షలు లేని ఇంటి బిడ్డ గుండె బాగుపడటానికీ ఒక దారి దొరికింది.

అలా బతికి బట్టకట్టిన పిల్లలు ఇప్పుడు పాతికలు, ముప్పైలు దాటుతున్నారు. మీసాలు వచ్చాయి, కొందరికి చెంపల దగ్గర జుట్టు నెరుస్తోంది కూడా. వాళ్ల చుట్టూ ఉన్న లోకం మాత్రం వాళ్లను ఇంకా చంటిపిల్లల్లాగే చూస్తోంది. బడి, బ్యాంకు, ఆఫీసు, చుట్టాలు, చివరికి ప్రాణంలా చూసుకునే ఇంటివాళ్లు కూడా. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల హక్కుల గురించి ఇవాళ మాట్లాడుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని మా నమ్మకం. వాళ్లు పెద్దవాళ్లయ్యారు. ఆ సంగతి మనం ఒప్పుకోవాలి.

డౌన్ సిండ్రోమ్ పుట్టుక గురించి రెండు మాటలు చెప్పక తప్పదు, ఎందుకంటే ఇప్పటికీ ఈ బిడ్డల తల్లుల మీద మోపే నిందకు అంతులేదు. 1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే ఇంగ్లిషు వైద్యుడు లక్షణాలు రాసి పెట్టాడు గానీ, కారణం తెలియడానికి తొంభై ఏళ్ల పైనే పట్టింది. 1959లో పారిస్‌లో జెరోమ్ లెజూన్ బృందం అసలు సంగతి బయటపెట్టింది. మార్త్ గోతియే అనే వైద్యురాలు ప్రయోగశాలలో కణాలను ఓపిగ్గా పెంచి ఇవ్వడం వల్లే అది సాధ్యమైంది. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటున్నాయని తేలింది. ఏటా మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినోత్సవం జరపడం వెనుక లెక్క అదే. నూటికి 95 మందిలో ఇది కణం విడిపోయేటప్పుడు కాకతాళీయంగా జరిగేదే. తల్లి గ్రహణం నాడు బయటికి వచ్చినందుకు కాదు, తిన్నదాని వల్ల కాదు, వంశంలోంచి దిగివచ్చిందీ కాదు. కేరియోటైపు అనే రక్తపరీక్ష ఒక్కటి చేయిస్తే ఏ రకమో కాగితం మీద తెలిసిపోతుంది. అయినా అక్కకు పెళ్లిచూపులంటే తమ్ముణ్ని ఆ పూటకు పక్కింటికి పంపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్క సంబంధం చెడుతుందన్న భయం. ఆ అబ్బాయికి తనను ఎందుకు పంపుతున్నారో తెలుసు. తెలిసే వెళ్తాడు.

చిన్నతనం వరకు చూస్తే మన దగ్గర పరిస్థితి ఒకప్పటికన్నా మెరుగే. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బళ్లలో పిల్లల్ని పరీక్షించి జిల్లా కేంద్రాల్లోని ముందస్తు చికిత్స కేంద్రాలకు (డీఈఐసీలకు) పంపుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అలాంటి ఒక కేంద్రంలో చూసిన దృశ్యం ఇది. నాలుగేళ్ల పాప గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఊదుతోంది. కండరాల బిగువు తక్కువగా ఉండటం వల్ల ఈ పిల్లలకు మెడ నిలవడం, కూర్చోవడం, నడవడం, మాట రావడం అన్నీ కాస్త ఆలస్యమే. ఊదడం వల్ల పెదవులకూ బుగ్గలకూ బలం వస్తుందని టీచరు చెప్పారు. ఊదినప్పుడల్లా నీళ్లు పొంగి బల్ల మీద పడుతున్నాయి, పడినప్పుడల్లా పాప పకపకా నవ్వి, తన గౌను కొసతోనే తుడుస్తోంది. తల్లి రెండు ఆటోలు మారి వచ్చింది. మధ్యాహ్నం కూలికి వెళ్లాలి. ఇంట్లో చేయించాల్సిన పనులన్నీ టీచరు చూపిస్తుంటే ఆమె కళ్లార్పకుండా నేర్చుకుంటోంది. ఇలాంటి కేంద్రాలు ఇంకా కావాలి, వాటిలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులైన ఐఈఆర్‌పీలకు స్థిరమైన ఉద్యోగాలు కావాలి. అయినా అక్కడ ఒక తలుపు తెరిచి ఉంది. తట్టడానికి ఒక చోటంటూ ఉంది.

ఆ తలుపు పద్దెనిమిదేళ్లకు మూసుకుంటుంది. బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల వరకే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్ ఉచిత విద్యకు హామీ ఇచ్చేది 6 నుంచి 18 ఏళ్ల వరకే. భవిత కేంద్రం కూడా పిల్లల కోసమే. అంతవరకు పొద్దున్నే లేచి, యూనిఫాం వేసుకుని, సంచి తగిలించుకుని బయలుదేరిన పిల్ల ఒక జూన్‌లో ఇంట్లోనే ఉండిపోతుంది. తెల్లారితే చేయడానికి పనిలేదు, కలవడానికి స్నేహితుల్లేరు. ఇంట్లో టీవీ, సాయంత్రం గుమ్మం. పదేళ్లు కష్టపడి నేర్చిన మాటలు, అంకెలు, బస్సెక్కడాలు వాడకం లేక మెల్లమెల్లగా జారిపోతాయి. తల్లిదండ్రులు చెప్పేది ఒకటే, ‘బడికెళ్లినన్నాళ్లు బాగుండేది’ అని.

ఇక్కడొక విచిత్రం ఉంది. సేవలు ఆపేసేటప్పుడు ‘నీకు పద్దెనిమిది నిండాయి, నువ్వు పెద్దవాడివి’ అంటుంది వ్యవస్థ. అదే మనిషి సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి వెళితే ‘గార్డియన్ సర్టిఫికెట్ తెచ్చుకో’ అంటుంది. ఇవ్వాల్సినప్పుడు పెద్దవాడు, అడిగినప్పుడు పిల్లవాడు. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటే నిజం కావాలి కదా!

చట్టం ఏం చెబుతోందో చూస్తే ఈ ప్రశ్న ఇంకా బలపడుతుంది. హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న వ్యక్తికి ఆస్తి కలిగి ఉండే హక్కు, వారసత్వంగా పొందే హక్కు, తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకునే హక్కు, బ్యాంకు రుణం తీసుకునే హక్కు అందరితో సమానంగా ఉన్నాయి. సాయం అవసరమైన చోట 14వ సెక్షన్ పరిమిత సంరక్షణ అనే ఏర్పాటు చేసింది. దాని అర్థం ఒక ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే ఇంకొకరు తోడుండటం. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఆ మనిషి ఇష్టప్రకారమే నడుచుకోవడం. కానీ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ఇచ్చే గార్డియన్‌షిప్ వేరే తీరుది. తల్లో తండ్రో అన్నో సంరక్షకులవుతారు, మనిషి బాధ్యతా ఆస్తి బాధ్యతా వాళ్ల చేతికి వస్తుంది. కన్నవాళ్లు ఆ కాగితం కోసం తిరిగేది దురుద్దేశంతో కాదు. అది లేకపోతే పింఛను ఖాతా నడవదనీ, తాము పోయాక ఆస్తి అన్యాక్రాంతమవుతుందనీ వాళ్ల దిగులు. ఆ దిగులు నిజమైనదే. అయితే ఆ కాగితం తీసుకునే రోజున పక్కన కూర్చున్న అబ్బాయినో అమ్మాయినో ‘నీ డబ్బు విషయం అమ్మ చూసుకుంటే నీకు సమ్మతమేనా’ అని ఒక్కమాట అడగడానికి ఏ చట్టమూ అడ్డురాదు. 2007లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 12వ అధికరణం కోరేదీ అదే. రెండు చట్టాల మధ్య ఉన్న ఈ తేడాను పార్లమెంటు ఎప్పుడో సరిచేయాల్సింది.

ఈ మధ్య ఒక పెళ్లిలో చూసిన సంగతి చెప్పాలి. పాతికేళ్లు దాటిన ఒక యువకుడికి తాంబూలం సంచులు పంచే పని అప్పగించారు. ఇంటికో సంచి అని చెప్పారు కాబోలు, దాన్ని ఆయన అక్షరాలా పాటిస్తున్నాడు. ఒకావిడ చేయి చాపితే, ‘మీ ఆయన తీసుకెళ్లారుగా’ అన్నాడు. నిజమే, ఆయన తీసుకెళ్లాడు. ఆవిడ నవ్వేసి వెళ్లింది. ఒక ముసలాయన తడబడుతుంటే సంచి చేతికివ్వకుండా ఆటో దాకా తనే మోసుకెళ్లి పెట్టి వచ్చాడు. అంత శ్రద్ధగా ఆ పని చేసినవాళ్లు ఆ పందిట్లో ఇంకొకరు లేరు. అంతలో ఒక పెద్దావిడ వచ్చి ఆయన బుగ్గ గిల్లి, ‘ఏరా కన్నా, బువ్వ తిన్నావా’ అని చేతిలో చాక్లెట్ పెట్టింది. తర్వాత, ఆయన అక్కడే నిలబడి ఉండగా, తల్లి వైపు తిరిగి, ‘వీడికి అన్నీ తెలుస్తాయా?’ అని అడిగింది. ఆవిడ మనసులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఆ యువకుడు చాక్లెట్‌ను జేబులో వేసుకుని మళ్లీ సంచుల దగ్గరికి వెళ్లిపోయాడు. మనలో చాలామంది ఆ పెద్దావిడలాగే ఉంటాం. మనిషిని అడగాల్సిన మాట పక్కనున్న తల్లిని అడుగుతాం. డాక్టరు కూడా అంతే, దర్జీ కూడా అంతే. చొక్కా వేసుకునేది ఎవరైతే, రంగు ఎంచుకునేదీ వాళ్లే కావాలి కదా.

ఇంతకన్నా బాధపెట్టే విషయం ఒకటుంది. ఇంట్లో తండ్రి పోతే ఈ బిడ్డకు చెప్పరు. ‘నాన్న ఊరెళ్లాడు’ అంటారు. కడసారి చూపు చూడనివ్వరు, ఆ పది రోజులూ ఏ చుట్టం ఇంట్లోనో ఉంచుతారు. తట్టుకోలేడని వాళ్ల ఉద్దేశం. తిరిగొచ్చిన మనిషికి గోడ మీద దండ వేసిన ఫొటో కనిపిస్తుంది. నాన్న చెప్పులు కనిపించవు. ఎవరూ ఏమీ చెప్పరు. రోజూ సాయంత్రం నాన్న వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడటం, తిండి తగ్గిపోవడం, మాట ఆగిపోవడం మొదలవుతుంది. ‘ఈ మధ్య మొండికేస్తున్నాడు’ అంటారు ఇంట్లో. అది మొండితనం కాదు, దుఃఖం. ఏడవడానికి వీల్లేకుండా పోయిన దుఃఖం. అందరితో పాటు వీళ్లకూ చావు గురించి సూటిగా, సరళంగా చెప్పాలి. ‘నాన్న చనిపోయాడు. ఇక రాడు. మనందరికీ ఏడుపొస్తోంది’ అని చెప్పి దగ్గర కూర్చోబెట్టుకోవాలి. పూలు వేయనివ్వాలి. మన ఆచారాలన్నీ మిగిలినవాళ్లు దుఃఖం దించుకోవడానికే కదా ఉన్నాయి.

ఆరోగ్యం దగ్గర కూడా ఈ పెద్దరికాన్ని గుర్తించకపోవడం వల్ల నష్టం జరుగుతోంది. ముప్పై ఏళ్ల మనిషిని ఇంకా చిన్నపిల్లల డాక్టరు దగ్గరికే తీసుకెళ్తుంటారు, తెలిసిన చోటని. డౌన్ సిండ్రోమ్‌లో థైరాయిడ్ మందగించడం ఎక్కువ. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించకపోతే ఆ మందకొడితనాన్ని బద్ధకం అనుకుంటారు. చెవిలో గుబిలి పేరుకుని వినికిడి తగ్గితే చెప్పిన మాట వినడం లేదంటారు. నిద్రలో ఊపిరి ఆగిఆగి రావడం వల్ల పగలంతా తూలుతుంటే తిండి ఎక్కువైందంటారు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రొటీన్‌కు మూలమైన జన్యువు ఉన్నది ఈ 21వ క్రోమోజోము మీదే. అందుకే వీళ్లలో మతిమరుపు జబ్బు నలభై, యాభైల్లోనే కనిపించవచ్చు. నిన్నటిదాకా తలుపు గడియ పెట్టడం మరవని మనిషి ఇవాళ మరిచాడంటే డాక్టరు దాకా వెళ్లాల్సిన సంగతి అది. జిల్లా ఆసుపత్రిలో నెలకొక రోజు పెద్దవాళ్లయిన వీళ్ల కోసం కేటాయిస్తే ఖజానాకు పెద్ద బరువేమీ కాదు.

ఇక పని. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 1 శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివి ఉన్నవాళ్లందరూ కలిసి పంచుకోవాలి. పరీక్ష రాసి గెలవాల్సిన పోటీలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఎక్కడ నిలబడతారో వేరే చెప్పాలా? పని నేర్పే పద్ధతి వేరు. ఒక పనిని పది చిన్న మెట్లుగా విడగొట్టి, బొమ్మలతో గోడకు అంటించి, మొదటి కొన్ని వారాలు పక్కన ఒకరు నిలబడి చేయిస్తే, ఆ తర్వాత ఆ మనిషి ఆ పనిని ఏళ్ల తరబడి తప్పు లేకుండా చేయగలడు. లెమన్ ట్రీ హోటళ్లలో వడ్డన దగ్గర డౌన్ సిండ్రోమ్ ఉన్న ఉద్యోగులున్నారు. 2017లో హుబ్బళ్లిలో మొదలైన మిట్టీ కెఫేలను వైకల్యం ఉన్నవాళ్లే నడుపుతున్నారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోనే ఒకటి తెరిచారు. 2025లో వచ్చిన ‘సితారే జమీన్ పర్’ సినిమాలో పది ముఖ్యపాత్రలను మేధో వైకల్యం, ఆటిజం వంటివి ఉన్నవాళ్లే పోషించారు. మన తెలుగు సినిమాల్లో ఇలాంటి పాత్ర వస్తే అది నవ్వించడానికో, ఏడిపించడానికో. వైకల్యాన్ని ఎగతాళి చేయరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమావాళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన కథకులు వాటిని ఒకసారి చదవాలని మా మనవి.

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 అయింది, తెలంగాణలో 4,016 ఇస్తున్నారు. ఆ డబ్బు చేతికి రావడం చిన్న సంగతి కాదు. కానీ వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం క్యాంపులో శాతం రాయించుకుని, పింఛను వచ్చేలా చేసుకోగానే ఆ మనిషి సంగతి తీరిపోయిందనుకునే వైఖరి మాత్రం మారాలి. పొద్దున లేస్తే వెళ్లడానికి ఒక చోటు ఉండటం కూడా ఆ పింఛనంత అవసరమే. భవిత కేంద్రాల గదులు బడి ముగిశాక ఖాళీగా ఉంటాయి. ఆ గంటలు, సెలవు రోజులు 18 దాటిన వాళ్లకివ్వవచ్చు. డ్వాక్రా సంఘాలు నడిపే క్యాంటీన్లు, కుట్టుకేంద్రాల్లో ఒక్కొక్కరికి చోటు చూపవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, మేధో వైకల్యం మీద దేశానికంతటికీ పాఠాలు చెప్పే సంస్థ. అది మనకు ఇంత దగ్గర్లో ఉండగా మండలాల్లో పని నేర్పేవాళ్లు దొరకరని చెప్పడం సమంజసం కాదు.

తల్లిదండ్రులను కదిపితే చివరికి అందరి నోటా వచ్చే మాట ఒక్కటే. ‘మా తర్వాత?’ అన్నో చెల్లెలో చూసుకుంటారని కొందరి ధీమా. అందరికీ ఆ భాగ్యం ఉండదు. చూసుకునేవాళ్లున్నా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. హైదరాబాదులో మంజులా కల్యాణ్ 1991లో స్థాపించిన స్వయంకృషి ఈ ప్రశ్నకు ఒక జవాబు చూపింది. మేధో వైకల్యం ఉన్న మహిళలు చిన్నచిన్న ఇళ్లలో కొద్దిమంది చొప్పున కలిసి ఉంటారు. వంట, శుభ్రం, బజారు పని తామే చేసుకుంటారు. పెద్ద హాస్టల్లో వరుసగా మంచాలు వేసి పడుకోబెట్టడానికీ దీనికీ ఎంత తేడా! నేషనల్ ట్రస్ట్‌కు ఘరౌందా పేరుతో ఇలాంటి నివాసాల పథకం ఉంది, లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమా ఉంది. జిల్లాకొకటి చొప్పున నిజంగా నడిచే ఇళ్లు ఉంటే, తమ కంటే ముందే బిడ్డ పోవాలని దేవుణ్ని వేడుకునే తల్లులు ఈ నేల మీద ఉండరు. ఆ మాట పైకి అనని తల్లులే ఎక్కువ. అనుకోని తల్లులు తక్కువ.

స్పెయిన్ ఈ విషయంలో నడిచిన దారి చెప్పుకోదగ్గది. 2018లో అక్కడి పార్లమెంటు, కోర్టు తీర్పుల వల్ల ఓటు కోల్పోయిన దాదాపు లక్ష మంది మేధో వైకల్యం ఉన్న పౌరులకు ఓటు హక్కు తిరిగిచ్చింది. 2021లో పూర్తి గార్డియన్‌షిప్‌ను తీసేసి తోడ్పాటు పద్ధతి తెచ్చింది. 2023లో మార్ గాల్సెరాన్ అనే డౌన్ సిండ్రోమ్ ఉన్న మహిళ వలెన్సియా ప్రాంతీయ శాసనసభలో సభ్యురాలిగా కూర్చుంది.

మన దగ్గర ఓటు విషయంలో అంత పెద్ద చట్టం కూడా అక్కర్లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి మతిస్థిమితం లేనివాడని అధికారం గల కోర్టు ప్రకటిస్తేనే ఓటరు జాబితాకు అనర్హుడు. డౌన్ సిండ్రోమ్ ఉందన్న డాక్టరు చీటీ, సదరం సర్టిఫికెట్టు, ఐక్యూ అంకె వీటిలో ఏదీ ఓటును తీసివేయలేదు. అయినా ఎన్నో ఇళ్లలో ఆ ఒక్క పేరు జాబితాకెక్కలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రాయించలేదు. బూత్ స్థాయి అధికారి బీఎల్‌ఓ ఇంటికి వచ్చి ఓటర్లెంతమందని అడిగితే తండ్రి నలుగురి పేర్లు చెప్పి ఆగిపోతాడు, ఐదో మనిషి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నా. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 18 నిండిన ఎవరైనా ఫారం 6 ఇవ్వవచ్చు. కావాల్సింది ఒక ఫొటో, వయసుకు ఒక ఆధారం, చిరునామాకు ఒక ఆధారం. సంతకం రాకపోతే వేలిముద్ర. ఈసారి బీఎల్‌ఓ వచ్చినప్పుడు ఐదో పేరు కూడా చెప్పండి. ఇంకా మంచిది, ఆ పేరు గలవారినే చెప్పనివ్వండి.